ఎవరి నుంచి రక్షణ?

"నా గొంతు రెండుసార్లు పోయింది. మొదటిసారి డాక్టర్లు తీశారు, ఎందుకు తీస్తున్నారో చెప్పి మరీ తీశారు. రెండోసారి ఎవరు తీశారో మీరు కనిపెట్టాలి. శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే కనిపెట్టినా లాభం లేదు."

గురువారం సాయంత్రం నాకు అందిన ఉత్తరం అంతే. నాలుగు వాక్యాలు, ఒక్క తప్పు లేదు. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. రాత శుభ్రంగా ఉంటే రాసినవాళ్ల మీద సగం నమ్మకం అక్కడే కుదిరిపోతుంది నాకు. రిటైరయ్యాక కాగితాలు వదిలేసి మనుషుల మాటలు దిద్దడం మొదలుపెట్టాను. పోలీసులు నాకు "అచ్చుతప్పు" అని పేరు పెట్టారు. వెక్కిరించడానికే పెట్టారు, కానీ చిక్కు కేసు వస్తే ఆ పేరుతోనే ఫోన్ చేస్తారు.

శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి ఆ ఇంటి తలుపు తట్టాను.

తీసినాయన ఉత్తరం రాసినావిడ భర్త. ఆస్పత్రి మందుల స్టోరులో స్టోర్‌కీపరు. నడుముకి పిడికెడంత తాళాల గుత్తి వేలాడుతోంది. నేను లోపలికి అడుగుపెట్టగానే నా వెనక గొళ్లెం పెట్టి, పైగడియ వేసి, వంగి కిందిగడియ కూడా వేశాడు.

"పట్టపగలు మూడెందుకండీ?" అన్నాను.

"ఉన్నాయి కదా మేడం. వేస్తే పోయేదేముంది?" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "దొంగ బయటివాడు కాదండీ. ఇంట్లోవాడే. నా బావమరిది" అన్నాడు.

"నేనిక్కడే ఉన్నాను బావా. కాస్త గట్టిగా చెప్పు, పక్కింటివాళ్లకి సరిగ్గా వినపడటం లేదు" అన్నాడు హాల్లో మూల కుర్చీలోంచి ఒకతను. ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్ అతను, ఉత్తరం రాసినావిడకి తోడబుట్టిన తమ్ముడు.

ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. మెడ చుట్టూ పల్చటి గుడ్డ, ఒళ్లో చెరిపి రాసుకునే తెల్ల పలక. బస్టాండులో ఇరవై రెండేళ్లు అనౌన్సర్‌గా పనిచేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆ ఊరికంతటికీ చెప్పిన గొంతు అది. కాన్సర్ వచ్చి నాలుగు నెలల కింద స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కి ముందు పదకొండు వారాలు కూర్చుని, స్పీచ్ క్లినిక్ వాళ్లిచ్చిన జాబితా ప్రకారం రోజూ వాడే మాటలు నాలుగు వందల పన్నెండు ముక్కలుగా రికార్డు చేసింది. ఆ ముక్కల్ని క్లినిక్ వాళ్లు తీసుకుని, ఆవిడ టైపు చేసింది ఆవిడ గొంతుతోనే పలికే చిన్న పరికరం తయారుచేస్తారు. ఇవాళ ఆరింటికి ముక్కలు అందకపోతే మళ్లీ ఏడాదికే వంతు. ఈలోగా లిఫ్టులో "తలుపులు మూసుకుంటున్నాయి" అని చెప్పే గొంతులాంటిది ఏదో ఒకటి ఇస్తారట.

ఆవిడ పలక మీద రాసి చూపించింది. "ఆ గొంతుతో నా మొగుణ్ని పిలవలేను. నవ్వొస్తుంది."

"మంగళవారం ఏం జరిగింది? గంటలతో సహా చెప్పండి" అన్నాను.

స్టోర్‌కీపరు సరుకు లెక్క ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పాడు. "పదీ ఇరవైకి కంప్యూటర్ టప్ మని ఆగిపోయింది. కాలిన వాసన. పదకొండూ నలభైకి ఇతనొచ్చాడు. లోపల మదర్‌బోర్డు పోయిందన్నాడు. కొత్తది వెయ్యమన్నాను. ఒంటిగంటా పావుకి బిగించాడు. రెండింటికి నేను భోజనానికి లేచాను. రెండున్నరకి వచ్చి చూస్తే ఒక్క ఫైలు తెరుచుకోలేదు. ఆ అరగంట గదిలో ఉన్నది ఇతనొక్కడే."

"ఆ అరగంటలో ఏం చేశారు?" అని మెకానిక్‌ని అడిగాను.

"రెండూ అయిదుకి మొదటిసారి తెరవబోయాను. తెరుచుకోలేదు. మిగతా ఇరవై అయిదు నిమిషాలు తల పట్టుకుని కూర్చున్నాను."

"అబద్ధం!" అన్నాడు బావ. "వాళ్లక్క గొంతు తన షాపు ప్రకటనకి కావాలన్నాడు. నేను కుదరదన్నాను. ఆ కక్షతో ఏదో నొక్కేశాడు."

"అడిగింది అక్కని. నువ్వెవరు కుదరదనడానికి?"

"నేనెవరా? ఈ ఇంటి..."

అనౌన్సరమ్మ పలకని టేబుల్ మీద టకటక కొట్టింది. ఇద్దరూ నోళ్లు మూశారు. మాట లేకపోయినా ఆ ఇంట్లో చివరి మాట ఆవిడదే అని నాకు అప్పుడర్థమైంది.

"పదండి, గది చూద్దాం" అన్నాను.

గది చిన్నది. ఒక టేబుల్, కంప్యూటర్, మైకు, గోడలకి ప్రతిధ్వని రాకుండా కట్టిన పాత దుప్పట్లు. బీరువాకి రెండు తాళాలు. టేబుల్ కింద దుమ్ములో మంగళవారం నాటి మోకాళ్ల గుర్తులు రెండు తప్ప చూడాల్సిందేమీ లేదు. అసలు నేరం జరిగిన గది తెర మీద ఉంది.

మెకానిక్ ఒక ఫైలు నొక్కాడు. తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి తెరుచుకుంది. "ఈ ఫైలును తెరిచే హక్కు ఈ కంప్యూటరుకు లేదు."

ఇంకోటి నొక్కాడు. అదే మాట. మరోటి. అదే.

ఒళ్లు మండింది నాకు. ఎవరి గొంతు, ఎవరి ఇల్లు, ఎవరు కొన్న పెట్టె, హక్కు గురించి మాట్లాడుతున్నదెవరు!

"కాపీలు తీసిపెట్టుకోలేదా?" అన్నాను.

"తీయకుండా ఉంటానా!" అన్నాడు స్టోర్‌కీపరు, ఆ ఒక్క విషయంలో కాస్త గర్వంగానే. బీరువా రెండు తాళాలూ తీసి, లోపలి సొరుగు తాళం తీసి, డబ్బాలోంచి పెన్‌డ్రైవులు రెండు తీశాడు. "ఆపరేషన్‌కి ముందురోజు తీశాను. అప్పుడు అన్నీ వినిపించాయి. ఇప్పుడు వీటిలోవి కూడా తెరుచుకోవట్లేదు."

"ఆ రోజు నుంచి మంగళవారం దాకా ఇవి సొరుగులోనే ఉన్నాయా?"

"కదిపితే ఒట్టు."

"తాళాలు?"

"నా నడుముకే. పడుకున్నా తియ్యను."

"అయితే మీ బావమరిది మంగళవారం మధ్యాహ్నం ఏదో నొక్కి కంప్యూటర్‌లో ఫైళ్లు మూసేశాడనుకుందాం. మూడు తాళాల వెనక, మీ నడుము దాటి, ఈ సొరుగులోవి ఎలా మూశాడండీ?"

 స్టోర్‌కీపరు తాళాల గుత్తిని చేత్తో పట్టుకుని ఒకసారి చూసుకున్నాడు.

మెకానిక్ కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. మూడు రోజుల్లో ఎవరైనా అతని తరఫున మాట్లాడటం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"ఈ జాబితాలో అన్నీ తెరిచి చూశారా?" అని అతన్నే అడిగాను.

"పదో పదిహేనో చూసి వదిలేశాను మేడం. అన్నీ అంతే కదా అని."

పని చేసేవాళ్లందరూ చేసే తప్పే ఇది. పదిహేను పేజీలు బాగుంటే పదహారో పేజీ చూడరు. నేను మొదటి పేజీ నుంచి మొదలుపెడతాను. "ఒకటో నంబరు నొక్కండి."

నొక్కాడు. ఎర్రపెట్టె రాలేదు. స్పీకర్‌లో చిన్న గరగర, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఒక ఆడగొంతు. "హలో. హలో. ఒకటి, రెండు, మూడు. వినపడుతోందాండీ?"

అయిదు సెకన్లు. అంతే.  అనౌన్సరమ్మ కళ్లు మూసుకుంది. స్టోర్‌కీపరు బీరువాకి ఆనుకుని గోడ వైపు తిరిగాడు.

"ఇదొక్కటే ఎందుకు తెరుచుకుంది?" అన్నాను. "దీనికీ రెండోదానికీ తేడా ఏమిటో చూపించండి."

మెకానిక్ రెండింటి వివరాలూ పక్కపక్కన తెరిచాడు. ఒకటో నంబరు, ఉదయం తొమ్మిదీ నాలుగు, రక్షణ లేదు. రెండో నంబరు, అదే రోజు తొమ్మిదీ పన్నెండు, రక్షణ ఉంది. అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ రక్షణ ఉన్నవే. తేదీ చూస్తే రికార్డింగు మొదలైన మొదటిరోజు. తాళం పడింది మంగళవారం కాదు, అంతకు ఆరున్నర నెలల ముందు.

"ఆ ఎనిమిది నిమిషాల్లో ఈ గదిలో ఎవరున్నారు?"

అనౌన్సరమ్మ పలక మీద రాసింది. "నేను. ఆయన."

"ఏం జరిగింది?"

ఆవిడ కొంచెంసేపు గుర్తు చేసుకుని రాసింది. "మొదటిది ఊరికే మైకు చూడటానికి. కంప్యూటర్ ఏదో అడిగింది, వద్దని నొక్కాను. రెండోది చెప్పి నేను నీళ్ల కోసం లేచాను."

నేను స్టోర్‌కీపరు వైపు తిరిగాను. ఆయన నీళ్లు నమిలాడు.

"అదేనండీ... రెండోది అయిపోగానే మళ్లీ అడిగింది. 'ఈ రికార్డింగుకు రక్షణ కల్పించాలా?' అని. తెలుగులోనే అడిగింది. రక్షణ కావాలా అంటే ఎవరైనా వద్దంటారా మేడం? కింద 'ఇకపై అన్నిటికీ ఇలాగే' అని ఇంకో గడి ఉంది. అదీ నొక్కాను. మాటిమాటికీ అడగకుండా ఉంటుందని."

"రక్షించడమంటే ఏమనుకున్నారు?"

"జాగ్రత్తగా దాచడం."

"దాచడానికి పక్కనే 'భద్రపరచు' అని వేరే ఉంది కదా?"

"ఉంది. రెండూ ఒకటే కదండీ. భద్రపరచడం ఒక తాళం, రక్షించడం ఇంకో తాళం అనుకున్నాను."

కోప్పడదామని నోరు తెరిచి కోప్పడలేకపోయాను. ఆ మాట అక్కడ పెట్టినవాడు నా ప్రెస్సులో పనిచేసుంటే ఆ ప్రూఫు కాగితం వాడి ముఖాన కొట్టేదాన్ని. రక్షణ అన్న మాట ఒంటరిగా నిలబడదు. ఎవరికి అన్నది చెప్పాలి, ఎవరి నుంచి అన్నది కూడా చెప్పాలి. ఈ రెండూ మింగేసి ఉత్త మాట ముందు పెడితే, ఒంట్లో బాగాలేని భార్య పక్కన నిలబడ్డ మనిషి దేన్ని నొక్కుతాడు?

"అబ్బ!" అని మెకానిక్ నుదురు కొట్టుకున్నాడు. "తాళం వేసింది ఈ కంప్యూటర్‌ని నడిపే సిస్టమే మేడం. తాళంచెవిని బోర్డులో పెట్టుకుంటుంది. ఆ బోర్డు ఉన్నంతకాలం తాళం ఉందని కూడా ఎవరికీ తెలీదు. నేను బోర్డు మార్చగానే సిస్టమ్‌కి ఇది పరాయి కంప్యూటర్ అయిపోయింది. మార్చేముందు అడగాల్సింది నేను. అడగలేదు."

"పాత బోర్డు బాగవుతుందా?"

"కెపాసిటర్లని బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటివి ఉంటాయి, మూడు ఉబ్బాయి, అంతే. ముప్పావుగంట పని. ఆ రోజే బాగుచేస్తానన్నాను. బావ కొత్తదే కావాలన్నాడు."

"ఇప్పుడెక్కడుంది?"

అక్కాతమ్ముళ్లిద్దరూ స్టోర్‌కీపరుని చూశారు. 

"కంపెనీవాళ్లకి నేనే ఫోన్ చేసి ఫిర్యాదిచ్చాను. బుధవారం వాళ్ల మనిషి వచ్చి పట్టుకెళ్లాడు" అన్నాడు.

తొమ్మిదీ నలభై అయిదుకి తలుపు మోగింది. మూడు గడియలూ తీసేసరికి గుమ్మంలో నాకు బాగా తెలిసిన ముఖం ఒకటి కనిపించింది. చేతిలో తోలు సంచీ, మెడలో కంపెనీ బిళ్ల, జేబులో ఎర్ర స్టిక్కర్ల కట్ట. ఆ సిస్టమ్ తయారుచేసిన కంపెనీకి హక్కుల పరిశీలకుడు. నేను పెట్టిన పేరు సీలు బాబు. పోయినేడాది ఒక ఫొటో స్టూడియో కేసులో నన్ను మూడు వారాలు తిప్పి, చివరికి తన రిపోర్టులో తనే వేసుకున్న తప్పు తేదీ దగ్గర దొరికిపోయాడు. అప్పటినుంచి మాకు ఉప్పూ నిప్పూ.

"మేడం! ఇక్కడ కూడా కామాలు వెతుకుతున్నారా?" అన్నాడు.

"దొరికే చోటికే వస్తాను బాబూ."

సరాసరి గదిలోకి నడిచి, కంప్యూటర్ మీద ఎర్ర స్టిక్కర్ ఒకటి అతికించాడు. "ఈ యంత్రాన్ని కదపరాదు. అనధికార మరమ్మతు జరిగింది. మెకానిక్ మీద రిపోర్టు తయారైంది, పన్నెండింటికి పైకి వెళ్తుంది. ఇతని షాపు మీద చర్య ఉంటుంది."

"రిపోర్టులో తాళం పడిన తేదీ రాశావా?"

"అది మా పరిధిలోది కాదు."

"ఆరున్నర నెలల కింద పడింది. ఇతను వేలు పెట్టింది మంగళవారం. ఈసారి కూడా తేదీ దగ్గరే దొరికావు."

అతను స్టిక్కర్ల కట్ట జేబులోకి తోసుకున్నాడు. "ఎప్పుడు పడిందన్నది కాదు మేడం. నియమం నియమమే. రక్షణ ఉన్న ఫైలు పరాయి యంత్రంలో తెరుచుకోకూడదు. దొంగ కాపీలు ఆపాలంటే అంతే. పాటలు, సినిమాలు చేసేవాళ్ల పొట్ట కొట్టేవాళ్లని ఎవరు ఆపాలి?"

"ఆపు, వద్దన్నానా? ఇది పాటా? సినిమానా? ఆవిడ 'హలో' అంది. ఆ హలోకి సొంతదారెవరు?"

"సిస్టమ్‌కి ఆ తేడా తెలీదు."

"నీకు తెలుసుగా?"

 అతని కళ్లు ఒక్క క్షణం తోలు సంచీ మీదికి వెళ్లి వచ్చాయి. అలాంటి చూపు కోసమే ఇలాంటి ప్రశ్నలు అడుగుతుంటాను.

"బోర్డు ఆ సంచీలో ఉంది" అన్నాను. "ఇచ్చెయ్."

"కుదరదు. సాక్ష్యం."

"స్టోర్‌కీపరు గారూ, బుధవారం రసీదు ఇచ్చాడా?"

ఇవ్వకపోతే ఆయన ఊరుకుంటాడా! బీరువా తాళాలు మళ్లీ తెరుచుకున్నాయి. రసీదు కవర్లో, కవరు ఫైల్లో ఉంది. తీసి పైకి చదివాను. "'పాత బోర్డు ఒకటి పరిశీలన నిమిత్తం తీసుకున్నాను. యజమాని కోరిన తక్షణం తిరిగి ఇవ్వగలను.' కింద నీ సంతకం."

"ఇవ్వగలను అన్నాను. ఇస్తాను అనలేదు. ఇవ్వగలిగితే ఇస్తానని దాని అర్థం."

నాకు నిజంగా నవ్వొచ్చింది. "ముప్పై ఏళ్లు రసీదులూ నోటీసులూ దిద్దాను బాబూ. 'ఫలానా తేదీన హాజరు కాగలను' అని రాసిచ్చి, రాకుండా ఉండిపోయి, 'కాగలిగితే అన్నాను' అని జడ్జిగారికి చెప్పి చూడు. ఏ గదిలో కూర్చోబెడతారో తెలుస్తుంది. కాగితం మీద 'గలను' అంటే మాటిచ్చినట్టే."

"సరే. యజమాని కోరాలి. మీరు యజమాని కాదు, ఈ మెకానిక్ కాదు. బిల్లు ఎవరి పేర ఉందో ఆయన కోరాలి. ఆయనే కదా మాకు ఫిర్యాదిచ్చింది?" సీలు బాబు స్టోర్‌కీపరు వైపు తిరిగి కాగితం ఒకటి చాపాడు. "మీ బావమరిది తప్పేమీ లేదని, పొరపాటు మీదేనని రాసి సంతకం పెడితే ఫిర్యాదు కొట్టేస్తాను, బోర్డు ఇస్తాను. అబద్ధపు ఫిర్యాదు అని మీ పేరు మా దగ్గర నమోదవుతుంది. ఆలోచించుకోండి."

పరువు గల మనిషి. ఇరవై ఏళ్లుగా స్టోర్‌లో ఒక్క సీసా తేడా రానివ్వని మనిషి. బావమరిది ముందు, భార్య ముందు, పరాయిదాన్నైన నా ముందు, తప్పు నాదని రాసివ్వాలి. ఆ ముఖం చూస్తే జాలేసింది. అయినా నేను నోరెత్తలేదు. ఆ మాట ఆయనే అనాలి.

ఆయన కాగితం తీసుకున్నాడు.  రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, కింద తేదీ, సమయం కూడా వేశాడు. పదీ అయిదు.

"తప్పు నాది" అన్నాడు పైకి కూడా. బావమరిదిని చూడలేక నేలని చూస్తూ, "మూడు రోజులు నిన్ను దొంగని చేశాను. తలకాయ తీసేసినట్టుంది" అన్నాడు.

 మెకానిక్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. "తలకాయ తర్వాత చూద్దాం బావా. ముందు ఆ టేబుల్ లైటు ఇటు తిప్పు."

సీలు బాబు సంచీ తెరిచి బోర్డు ఇచ్చాడు. ఇస్తూ ఊరుకోలేదు. "బాగుచేసినా లాభం లేదు. ఫైళ్లు తెరుచుకుంటాయి. కానీ కాపీ చేస్తే కాపీకి కూడా తాళం ఉంటుంది. మీ క్లినిక్ కంప్యూటర్లో తెరుచుకోదు."

"కాపీ చెయ్యం సార్" అన్నాడు మెకానిక్ టంకం వేసే కడ్డీ వేడెక్కించుకుంటూ. "వింటాం. మేము వింటుంటే పక్కన నా రికార్డర్ కూడా వింటుంది. చెవులకి కూడా తాళం వేశారా మీవాళ్లు?"

నేను కాగితం మీద లెక్క వేశాను. నాలుగు వందల పదకొండు ముక్కలు, ఒక్కోటి తెరవడం, వినడం, దాచడం కలిపి నిమిషం చొప్పున. ఆరు గంటల యాభై ఒక్క నిమిషాలు. క్లినిక్ బండి మీద పది నిమిషాల దూరం. పదకొండు లోపు మొదలుపెట్టకపోతే ఇవాళ్టికి కాదు.

పదీ యాభైకి ఉబ్బిన మూడూ పోయి కొత్త మూడూ వచ్చాయి. పాత బోర్డు తన చోట తను కూర్చుంది. కంపెనీవాళ్లు దూరం నుంచి చెయ్యి పెట్టకుండా మెకానిక్ ముందుగా నెట్ తీగ పీకేసి, ఎర్ర స్టిక్కర్ చింపి, మీట నొక్కాడు. తెర నల్లగా ఉంది. స్టోర్‌కీపరు గుత్తిలో ఒక్కో తాళంచెవినీ వేళ్లతో తడుముకుంటున్నాడు. చివరికి తెర వెలిగింది.

రెండో నంబరు నొక్కాడు.

ఎర్రపెట్టె రాలేదు. వెచ్చటి, నిదానమైన గొంతు గది నిండా వచ్చింది. "ఏమండీ. ఏమండీ, ఇటు రండి. కాఫీ చల్లారిపోతోంది."

స్టోర్‌కీపరు కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాలుగు నెలలుగా ఆయన్ని ఎవరూ అలా పిలవలేదు. అనౌన్సరమ్మ వెళ్లి ఆయన తల నిమిరింది. పెదాలు ఏమండీ అని కదిలాయి, గొంతు వెనకనుంచి స్పీకర్‌లో వచ్చింది. మెకానిక్ కళ్లు తుడుచుకుంటూనే రికార్డర్ మీది సూది చూసి బొటనవేలు ఎత్తాడు.  

మూడో ముక్క, నాలుగో ముక్క వరసగా వెళ్తున్నాయి. సీలు బాబు మాత్రం కదల్లేదు. వెళ్లిపోవాల్సిన మనిషి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం బాబూ, ఇంకో స్టిక్కర్ మిగిలిందా?" అన్నాను.

"ఈ గొంతు నాకు తెలుసు మేడం" అన్నాడు మెల్లగా. "కాలేజీకి వెళ్లేటప్పుడు ఆరేళ్లు రోజూ విన్నాను. బస్సు తప్పిపోతే తిట్టినట్టే చెప్పేది, తర్వాతిది పావుగంటలో ఉందని."

పదకొండూ ఇరవైకి అతని ఫోన్ మోగింది. అవతలివాళ్ల మాట వినపడలేదు. ఇతను చెప్పింది విన్నాను. "లేదు సార్. బోర్డు నా దగ్గరే ఉంది. పని అయిపోయింది సార్... తెస్తాను."

అబద్ధం! సీలు బాబు నోట! ఆ మనిషి తేదీలు తప్పు వేస్తాడు కానీ అబద్ధం ఆడగా నేను చూడలేదు. ఫోన్ పెట్టేసి నన్ను బయటి హాల్లోకి రమ్మని సైగ చేశాడు. తలుపు ఓరగా వేశాను. లోపల్నుంచి ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది.

"నేను వెళ్లింది ఈ ఒక్క ఇంటికే కాదు" అన్నాడు. "ఈ నెలలో ముప్పై ఎనిమిది ఇళ్లకి వెళ్లాను. అన్నీ ఇలాంటివే. బోర్డు కాలడం, మార్చడం, తెరుచుకోకపోవడం. పెళ్లి వీడియోలు, పోయిన పిల్లల ఫొటోలు, ఒక ముసలి మాస్టారి ఇరవై ఏళ్ల పాఠాలు. ముప్పై ఎనిమిది చోట్లా ఎవరో ఒకరు రక్షణ కావాలని నొక్కారు. బోర్డులన్నీ పట్టుకురమ్మన్నారు. పరిశీలనకి అన్నారు."

"పరిశీలిస్తున్నారా?"

"ఆ 'రక్షణ' అన్న మాటలో తప్పుందని పైవాళ్లకి తెలుసు మేడం. మార్చడానికి ఒప్పుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు. అందుకని బోర్డులు లేకుండా చేస్తే ఎవరూ రుజువు చెయ్యలేరు. ఇప్పుడే చెప్పారు. గోడౌన్లో ఉన్న ముప్పై ఏడూ మధ్యాహ్నం మూడింటికి తుక్కు యంత్రంలోకి వెళ్తాయి." సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. చిరునామాలు. "నా దగ్గర ఆ ఇళ్లన్నిటి రసీదుల నకళ్లు ఉన్నాయి. అన్నిటి మీదా ఒకటే వాక్యం. తిరిగి ఇవ్వగలను."

గడియారం చూశాను. పదకొండూ ఇరవై ఆరు. మూడున్నర గంటల్లో ముప్పై ఏడు ఇళ్లు, ముప్పై ఏడుగురు యజమానులు, ముప్పై ఏడు సంతకాలు. గోడౌన్ తాళం ఎవరి దగ్గరుందో ఇంకా అడగనేలేదు. ఇక్కడ చూస్తే ఇంకా మూడు వందల డెబ్బైకి పైగా ముక్కలు బాకీ. మధ్యలో కంపెనీవాళ్లు ఇక్కడికే వచ్చిపడితే? ఈ ఇంటిని వదిలి కదలడానికి నాకు కాళ్లు రాలేదు.

గదిలో పలుకుతున్న గొంతు టక్కున ఆగింది.

తలుపు తోశాను. ఏమీ విరగలేదు. మౌస్ అనౌన్సరమ్మ చేతిలో ఉంది. తలుపు సందులోంచి మా మాటలన్నీ విన్నట్టుంది. తమ్ముడు కంగారుగా ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, జాబితాలో కిందికి, ఇంకా కిందికి వెళ్తోంది. ఒకచోట ఆగింది. తల తిప్పి, సూటిగా నా కళ్లలోకి చూస్తూ నొక్కింది.

"మీరు బయల్దేరండి" అంది, బస్టాండంతా వినపడేంత స్థిరంగా. "నేను బాగానే ఉన్నాను."